వెనక అద్దం మీది రెక్క

నా మెడ కుడివైపుకు ఇరవై డిగ్రీలు, ఎడమవైపుకు పన్నెండు డిగ్రీలు తిరుగుతుంది. ఇది డాక్టరు రాసిచ్చిన లెక్క కాదు. కుర్చీని గోడకు మూడడుగుల దూరంలో వేసుకుని, చూపు ఆగిన చోట నా భార్య చేత సుద్దముక్కతో గీత గీయించి, కోణమానినితో నేనే కొలిచి దినచర్య పుస్తకంలో రాసుకున్నాను. బొగ్గుబావిలో పైకప్పు నుంచి ఊడిన బండ నా భుజం మీద పడి అప్పటికి మూడేళ్లయింది. ఇక ఇంతకంటే మెరుగు కాదని తెలిసిన తరువాత కొలవడమే మంచిదనుకున్నాను. కొలవని బాధ రోజుకొక రకంగా కనిపిస్తుంది. కొలిచినది అక్కడే ఉంటుంది.

ఆ ప్రమాదం తరువాత నన్ను బొగ్గు తీసే చోటు నుంచి తప్పించి గాలి చూసే పనిలో వేశారు. భూమి కింద ఏ దారిలో ఎంత గాలి వస్తున్నది, ఎటు పోతున్నది, ఎక్కడ ఆగిపోతున్నది అని కొలిచి పుస్తకంలోకి ఎక్కించడం నా డ్యూటీ. బావిలో మా పనికి గౌరవం తక్కువ. "సారు గాలి లెక్కపెడ్తడు" అని నవ్వేవారు. నేను పట్టించుకునేవాణ్ణి కాదు.

తొంభైల మొదట్లో నా భార్యకు ప్రధానోపాధ్యాయురాలిగా ప్రమోషను వచ్చింది. మేముండేది కొత్తగూడెం క్వార్టర్లలో. ఆమెకు బడి ఇచ్చింది భద్రాచలం అవతల. గోదావరి దాటి, దుమ్ముగూడెం దారిలో కొంత పోయి, కుడిచేతి వైపు అడవిలోకి తిరిగితే పదకొండు కిలోమీటర్ల మొరం రోడ్డు. ఆ రోడ్డు చివర నలభై ఇళ్ల ఊరు, బడి. ఆ ఊళ్లోకి బస్సు లేదు. తారు రోడ్డు మీద దిగి, దొరికితే ట్రాక్టరు, లేకపోతే నడక. అందుకే సెకండ్ హ్యాండులో ఒక చిన్న తెల్ల కారు కొన్నాను. దాని వెనక తలుపు అద్దంతో సహా పైకి లేస్తుంది. పరుపు, ట్రంకుపెట్టె, నెల బియ్యం అన్నీ అందులో పడతాయి. సోమవారాలు రెండో షిఫ్టు, శనివారాలు మొదటి షిఫ్టు వేయించుకున్నాను. సోమవారం పొద్దున దింపి రావడం, శనివారం సాయంత్రం తీసుకురావడం. వారంలో మిగిలిన రోజులు ఆమె ఆ ఊళ్లోనే ఒక గది తీసుకుని ఉండేది.

మెడ తిరగనివాడు కారు నడపవచ్చునా అని మా బంధువుల్లో పెద్ద చర్చ జరిగింది. నేను ముందుకు చూసి నడుపుతాను, వెనక సంగతి లోపలి అద్దంలో చూసుకుంటాను అని జవాబిచ్చాను. ఆ జవాబు తారు రోడ్డు మీద సరిపోయింది. మొరం రోడ్డు మీద సరిపోలేదు.

వానలు తగ్గి రోడ్డు ఆరిన తరువాత ఆ ఎర్రమట్టి పిండిలాగా లేస్తుంది. లేచినది వెనకకు పోతే బాధ లేదు. కానీ బండి పోతున్నప్పుడు దాని వెనక గాలిలో ఒక ఖాళీ ఏర్పడుతుంది. చక్రాల కింద లేచిన దుమ్ము ఆ ఖాళీలోకి సుడి తిరిగి వచ్చి వెనక అద్దానికి అంటుకుంటుంది. మొరం ఎక్కిన అయిదో కిలోమీటరుకు అద్దం పూర్తిగా మూసుకుపోయేది. మెడ తిరిగేవాడికి ఇది విషయమే కాదు. కిటికీలోంచి తల బయటపెట్టి చూసుకుంటాడు. నేను బండి ఆపి, దిగి, గుడ్డతో తుడిచి, మళ్లీ ఎక్కి, ఇంకో అయిదు కిలోమీటర్లు పోయేవాణ్ణి.

ఫిబ్రవరి మొదటి సోమవారం నేను తుడవలేదు. ఏడో కిలోమీటరు దగ్గర వాగు మీద ఒక సన్నటి మోరీ ఉంది. దాన్ని దాటి నలభై గజాలు పోయేసరికి ఎదురుగా వెదురు లారీ వచ్చింది. నిండు బరువుతో ఉన్న లారీ వెనక్కి పోలేదు, నేనే పోవాలి. గేరు వేశాను. పక్కన కూర్చున్న నా భార్య అడిగింది.

"ఎనక కనబడ్తందా?"

"అవ్," అన్నాను.

అద్దంలో ఎర్రటి గోడ తప్ప ఏమీ లేదు. దారి గుర్తుందనుకున్నాను. వెనక ఎడమ చక్రం మోరీ అంచు దిగింది. కారు ఒక పక్కకు ఒరిగి, కింది ఇనుము రాతికి ఆనుకుని ఆగింది. కాస్త అటయితే ఎనిమిదడుగుల వాగులో ఉండేవాళ్లం.

వెదురు కొట్టే మనుషులు దగ్గరలోనే ఉన్నారు. ఏడుగురు వచ్చి వాళ్ల భాషలో ఏదో అనుకుని నవ్వుకుని, మూడు ఊపుల్లో కారును ఎత్తి రోడ్డు మీద పెట్టారు. వాళ్లలో పెద్దాయన తెలుగులో నన్నడిగాడు: "ఇది బండా, గంపా సారూ?"

ఆ నవ్వులో నా భార్య కలవలేదు. తన పుస్తకాల సంచి భుజాన వేసుకుంది. మిగిలిన నాలుగు కిలోమీటర్లు బడికి నడిచిపోయింది. నేను వెంట కారు నడిపితే పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది, అంతే.

ఆ శనివారం ఆమె బస్సులోనే వచ్చింది. కాళ్లు కడుక్కుని, మంచినీళ్లు తాగి, నా ఎదురుగా కూర్చుంది.

"కనబడ్తందా అని అడిగితె అవ్ అన్నరు."

"అన్నాను."

"కనబడిందా?"

"లేదు."

"పిల్లలు లెక్క తప్పు జేస్తె నేను కొట్ట. అబద్ధమాడితె మాత్రం నిలబెడ్త. మీరు గూడ జరసేపు నిలబడుండ్రి." ఇది పరిహాసానికి అన్నది కాదు. "ఆ ఎనక అద్దం తేటగ ఉండేదాక నేను ఆ బండి ఎక్క. ఎండాకాలం సెలవులిచ్చేదాక జూస్త. గప్పటికి గూడ కాకుంటె తమ్ముడు చెప్పినట్టు అమ్మేద్దాం."

ఆమె తమ్ముడిది కల్లూరులో వ్యవసాయం, మిరప, పత్తి. నేను కారు కొన్న రోజు నుంచీ అమ్మమనే చెబుతున్నాడు. ఈ సంగతి విని మరుసటి ఆదివారమే వచ్చాడు. పెనుబల్లిలో ఒకాయన చిన్న కారు కోసం చూస్తున్నాడట.

"మెడ తిరగనోనికి ఎడ్లబండి నయం బావా. నువ్వు జూడకున్న ఎద్దు జూసుకుంటది."

"సెలవులిచ్చేదాకా ఆగు," అన్నాను.

"ఆగినంక మెడ తిరుగుతదా?"

"మెడ తిరగదు. అద్దం తేటగా ఉంటుంది."

అన్నానే గానీ ఎట్లా ఉంటుందో నాకు తెలియదు. వెనక అద్దానికి వైపరు పెట్టించవచ్చా అని అడిగాను. ఆ రకం కారుకు అది రాదన్నారు. అద్దానికి రంధ్రం చేస్తే పగులుతుందన్నారు. ముందుగా కొలతలు తీసుకోవాలనుకున్నాను. రెండు ఆదివారాలు ఒక్కణ్ణే ఆ రోడ్డు మీదికి పోయి, వేరువేరు వేగాలతో నడిపి, రోడ్డు పక్కన సున్నం కొట్టిన కిలోమీటరు రాయి నన్ను దాటిన తరువాత అద్దంలో ఎంతదూరం కనిపిస్తున్నదో చూసుకున్నాను. నెమ్మదిగా పోతే ఆరు కిలోమీటర్లకు అద్దం మూసుకుపోయింది, జోరుగా పోతే నాలుగున్నరకు. ఆరుకు మించి ఏ వేగానికీ రాలేదు.

మా క్లబ్బు పఠన మందిరంలో మోటారు పత్రికలు పాతవి కట్ట కట్టి ఉండేవి. ఒకదానిలో విదేశపు పొడుగు కారు బొమ్మ ఉంది. దాని పైకప్పు చివర అడ్డంగా ఒక పలక బిగించి ఉంది. వెనక అద్దం మీద దుమ్ము పడకుండా అని కింద ఒకే ఒక వాక్యం. ఎట్లా అనేది లేదు. ఆ వాక్యాన్ని దినచర్య పుస్తకంలోకి ఎత్తి రాసుకుని, తరువాతి సెలవు రోజున ఖమ్మం బయలుదేరాను.

ఆ రోజు నా బామ్మర్ది మిరప బస్తాలతో ఖమ్మం మార్కెట్టుకు వచ్చి ఉన్నాడు. కాంటా అయిపోయాక నాతో కార్ల సామాను దుకాణానికి వచ్చాడు. సీటు కవర్లు, హారన్లు, దేవుడి స్టిక్కర్ల మధ్య పైనుంచి మూడు ఫైబరు పలకలు వేలాడుతున్నాయి. దుకాణదారు వాటిని స్పాయిలర్లు అన్నాడు. బామ్మర్ది అక్కడికక్కడే వాటికి రెక్కలని పేరు పెట్టాడు. మా ఇంట్లో ఆ మాటే నిలిచింది.

"పిల్లగానికా సార్?" అని అడిగాడు దుకాణదారు.

"నాకే."

అతను నా తెల్ల మీసాన్ని, మెడను చూసి ఇంకేమీ అడగలేదు. బామ్మర్ది ఊరుకోలేదు. "మా బావకు ఈ వయసుల రెక్కలు మొలుస్తున్నయి సేటూ. మంచి రంగుది జూడు."

మొదటిది తలుపు కింది అంచుకు పెట్టేది. మధ్యలో ఎర్ర దీపం. ఎక్కువగా పోయేది అదేనట. రెండోది పైకప్పు అంచుకు, తలుపు పై భాగానికి బిగించేది, వెడల్పు తొమ్మిదంగుళాలు. మూడోది రెండు ఎత్తైన కాళ్ల మీద నిలబడేది. పందెపు కార్లకు ఉంటుందన్నాడు. మూడూ కిందికి దింపమన్నాను. కారును దుకాణం ముందుకు తెచ్చాను. బల్ల ఫ్యాను ఒకటి, అగరుబత్తులు రెండు అడిగాను.

"పూజ బిగించినంక జేస్తరు సార్," అన్నాడు దుకాణదారు.

"పూజ కాదు. గాలి ఎటు పోతుందో చూడాలి."

బావిలో మా పద్ధతి అదే. గాలి కంటికి కనిపించదు గనుక చిటికెడు రాతిపొడి వదిలి అది ఎటు కొట్టుకుపోతుందో చూస్తాం. ఫ్యానును కారు పైకప్పు మీద వెనక వైపుకు తిప్పి పెట్టి, అగరుబత్తి పొగను పైకప్పు అంచున వదిలాను. పలక ఏదీ లేనప్పుడు పొగ అంచు దాటి కిందికి వంగి అద్దం వైపు తిరిగింది. దీపం ఉన్న పలక పెట్టినా అంతే. కాళ్ల పలక పొగను రెండుగా చీల్చింది. రెండోదాన్ని బామ్మర్ది చేత పైకప్పు అంచుకు ఆనించి పట్టించాను. పొగ దాని మీదుగా తిన్నగా వెనక్కి పోయింది, అద్దం వైపు చూడనేలేదు. కానీ పలకకూ పైకప్పుకూ మధ్య వేలెడు సందులోంచి కొంత పొగ కిందికి జారింది. దాన్ని గమనించి, ఆ సందు మూయాలని నిశ్చయించుకున్నాను.

దుకాణం పక్కనే రేకుల షెడ్డులో బిగించే మిస్త్రీ. యాభై దాటినవాడు, లారీ బాడీలు కట్టి వచ్చినవాడు. తలుపు మీద నాలుగు చోట్ల గుర్తులు పెట్టి డ్రిల్లు నా చేతికిచ్చాడు.

"మొదటి బెజ్జం ఓనరే పెట్టాలె సార్. మా దగ్గర గది రివాజు. రేపు వానకు కారితె ఇద్దరం పంచుకుందం."

పెట్టాను. అతను మిగిలిన మూడూ పెట్టి, పలకను పైకప్పుకు కాస్త ఎడంగా నిలిపాడు.

"ఎడం ఎందుకు?" అన్నాను.

"సందు ఇడువకుంటె నీళ్లు నిలుస్తయి సార్. తుప్పు వడ్తది."

"నీళ్ల సంగతి తరువాత. గాలి సందులోంచి కారకూడదు. రబ్బరు పట్టీ పెట్టి మూసెయ్యి."

"సార్, లారీకైతె మేము…"

"మిస్త్రీ, నీళ్ల గురించి నువ్వు చెప్పు, వింటాను. గాలి గురించి నాకు చెప్పకు. అది నా ఉద్యోగం."

అతను తల ఊపి, రబ్బరు పెట్టి, దాని మీద లప్పం కూడా పూశాడు. పని అయ్యాక తలుపు ఎత్తి చూపించబోయాడు. పాత కారు తలుపును పైన నిలిపే కడ్డీకి పలక బరువు ఎక్కువైంది. తలుపు తటాలున దిగి అతని నెత్తిన పడింది.

"మీ రెక్క ముందుగాల నా తలకాయ మీదనే వాలింది సార్," అన్నాడు తల రుద్దుకుంటూ. తలుపు కింద నిలపడానికి ఒక వెదురు బొంగు కొలిచి కోసి ఇచ్చాడు.

ఆ ఆదివారం మొరం రోడ్డు మీద పరీక్షించాను. అద్దం మూడున్నర కిలోమీటర్లకే మూసుకుపోయింది.

మళ్లీ వెనక్కి వచ్చి, కడిగి, అదే వేగంతో మళ్లీ నడిపాను. మూడున్నరే. పలక లేనప్పుడు అయిదు. నేను ఖర్చు పెట్టి, సెలవు రోజు పోగొట్టుకుని, నాలుగు రంధ్రాలు చేయించి దుమ్మును తొందరగా పిలిపించుకున్నాను. దినచర్య పుస్తకంలో ఆ రోజు కింద "తప్పు నాది. ఎక్కడో తెలియదు" అని రాసి ఉంది. నా భార్య తరువాతి శనివారం బస్సు దిగి వచ్చి కారు వెనక నిలబడి రెక్కను పైకీ కిందికీ చూసింది. ఆమె కాళ్లకు పగుళ్లు వచ్చాయి. వేడినీళ్లలో ఉప్పు వేసుకుని కూర్చుంది. అమ్మేద్దామని నోటిదాకా వచ్చింది. మింగాను.

తప్పు ఎక్కడో బావిలోనే తెలిసింది. ఆ వారం కొత్తగా తవ్వుతున్న ఒక మొగదారిని చూడటానికి పోయాను. మొగదారి అంటే అవతల తెగని దారి. ప్రధాన దారిలో పోయే గాలి దాని నోటి ముందు నుంచి పోతుందే తప్ప లోపలికి తిరగదు. చివర వాయువు నిలిచిపోతుంది. అందుకని మందపాటి గుడ్డతో తెర కడతాం. ఆ తెరను గోడకు అంటించి కట్టరు. మూడడుగుల ఎడం ఇచ్చి కడతారు. ప్రధాన దారిలోని గాలిలో కొంత ఆ ఎడంలోకి దూరి, తెర వెంట చివరి దాకా పోయి, నిలిచిన వాయువును ఊడ్చుకుని వస్తుంది. వాడేసిన దారులకు కట్టే గోడల సంగతి వేరు. వాటికి సూదిమొన అంత సందు ఉన్నా మేము రిపోర్టు రాస్తాం. ఏళ్ల తరబడి సందు కనిపిస్తే చాలు, మూయమని చెప్పడం నా నోటికి అలవాటు.

తెర పక్కన నిలబడి ఆ ఎడంలో చెయ్యి పెట్టాను. గాలి చల్లగా తగిలింది.

కారు వెనక అద్దం ఒక మొగదారి. దుమ్ము వచ్చేది పైనుంచి కాదు, చక్రాల కింది నుంచి. పైగాలిని దూరంగా పంపేసినకొద్దీ ఆ ఖాళీ పెద్దదై దుమ్ముకు చోటు పెరిగింది. కావలసింది పైగాలిలో కొంత కిందికి దిగి అద్దాన్ని ఊడ్చడం. దుకాణంలో సందులోంచి జారిన ఆ కాస్త పొగే నాకు పనికివచ్చేది. నేను దాన్నే రబ్బరు పెట్టి మూయించాను. నిలిచిన కారుకు ఫ్యాను పెట్టి పరీక్షించడం రెండో తప్పు. అక్కడ చక్రాలు తిరగడం లేదు, దుమ్ము లేదు.

మర్నాడు సెలవు పెట్టి ఖమ్మం పోయాను. మిస్త్రీ నన్ను చూసి తల తడుముకున్నాడు.

"మిస్త్రీ, సందు పెట్టాలి."

"నీళ్ల కోసమేనా సార్?"

"గాలి కోసం. ఆ రోజు నీ మాట వినవలసింది."

"నేను నీళ్లన్న, మీరు గాలంటున్నరు. ఏదైతేంది సార్, సందే గద. చాయ్ తాగుతరా?"

ఇద్దరం కూర్చుని కాగితం మీద బొమ్మ గీశాం. ఇనుప పట్టీతో రెండు కాళ్లు. ఒక్కో కాలికి మూడు రంధ్రాలు, అంగుళం, అంగుళమున్నర, రెండంగుళాల ఎత్తుకు. పలక వెనక కొన కాస్త కిందికి వంగి ఉండాలి. లప్పం గీకి, రబ్బరు పీకి, సాయంత్రానికి కాళ్లు తయారు చేశాడు. ఈసారి బోల్టుల పానా నాకిచ్చి ఎట్లా బిగించాలో నేర్పాడు, రోడ్డు మీద ఎత్తు మార్చుకోవాలి గనుక.

పరీక్షకు వెనక చూసే మనిషి కావాలి. నా భార్య ఎక్కదు. బామ్మర్దిని పిలిచాను. పెనుబల్లి ఆయనకు మాట చెప్పే గడువు దగ్గరపడిందని అతనూ తొందరలోనే ఉన్నాడు. వెనక అద్దం బయటి వైపు పన్నెండు ఉన్నిదారపు ముక్కలను ఒక్కొక్క కొన అంటించాను. గాలి ఎటుంటే అటు తిరుగుతాయి. అతన్ని వెనక సీటులో అద్దం వైపు తిరిగి మోకాళ్ల మీద కూర్చోబెట్టాను.

"దేవునికి మొక్కినట్టు కూసోబెట్టినవ్ బావా."

"దారాలు ఎట్లా ఉన్నాయో చెప్పు. ఇంకేమీ చెప్పకు."

అంగుళం ఎత్తున మొదలుపెట్టాం.

"ఊర్కెనే ఏలాడ్తున్నయి. నిద్రవోయిన పిల్లి తోకల్లెక్క."

ఆపి, అంగుళమున్నరకు మార్చాను. గేరు మూడులో పడగానే అతని గొంతు మారింది.

"అరే! బావా, సాపుగ నిలవడ్డయి. అన్నీ కిందికే. దువ్వినట్టున్నయి."

"పన్నెండూనా?"

"మూలల రెండు జర ఊగుతున్నయి. తక్కినయి సాపు. బావా, జల్దీ ఆపు, ఎనకకు జూసుకుంట పోతుంటె కడుపుల దేవుతంది."

దిగి, చెట్టు కింద కాసేపు కూర్చుని, నీళ్లు తాగి, తిట్టుకుంటూనే మళ్లీ ఎక్కాడు. రెండంగుళాలకు పలక ఈల వేసింది. పై వరుస దారాలు పైకీ కిందికీ కొట్టుకున్నాయి. అంగుళమున్నరకే తిరిగి వచ్చి, బోల్టులు బిగించి, దారాలు పీకేసి, అద్దం కడిగి మొరం రోడ్డు మొదటికి వెళ్లాం. పదకొండు కిలోమీటర్లు ఆగకుండా నడిపాను. అయిదు దాటింది. ఏడు దాటింది. ప్రతి రాయినీ బామ్మర్ది పైకి లెక్కపెడుతున్నాడు. ఈసారి నవ్వడం లేదు. బడి కనిపించేసరికి అద్దంలో వెనకటి మలుపు, మలుపు అవతల మా దుమ్ము, ఆ దుమ్ములోంచి సైకిలు తొక్కుకుంటూ వస్తున్న మనిషి కూడా కనిపించాడు. అద్దం కింది అంచున నాలుగంగుళాల మేర మాత్రం ఎర్రగా మూసుకుపోయింది.

ఆ నాలుగంగుళాల కోసం ఇంకో మూడు ఆదివారాలు కష్టపడ్డాను. పలకను ఇంకా వంచాను, కొనకు రేకు కలిపాను, పక్కలకు చెవులు పెట్టాను. పోలేదు. గాలి అంతదాకా దిగి వచ్చేసరికి కింది సుడి దాన్ని తిప్పేస్తున్నది. ఆ మాటే తేదీతో రాసుకుని, పలకను ముందటి లెక్కకు బిగించేసి, మిగిలిన సాయంత్రాలు క్వార్టర్ల వెనక మైదానంలో గడిపాను. కారుకు చెరొక జానెడు ఎడం వచ్చేట్టు రెండు వరసల రాళ్లు పేర్చి, అద్దంలో చూసుకుంటూ ఆ సందులోకి వెనక్కి తోలడం సాధన చేశాను. రాయి తగలకుండా వరుసగా ఇరవై సార్లు పోయిన రోజున ఆపాను.

"పెనుబల్లాయనకు ఏమని జెప్పాలె?" అని బామ్మర్ది రెండుసార్లు అడిగాడు.

"మీ అక్క చెబుతుంది," అన్నాను.

బడికి సెలవులిచ్చిన రోజు నేను కారులో ఆ ఊరికి వెళ్లాను. రమ్మని ఆమె అనలేదు. వస్తానని నేనూ చెప్పలేదు. సామాను మాత్రం రెండు నెలలకు సరిపడా తీసుకురావాలి: ట్రంకుపెట్టె, పరుపు, బడి రికార్డుల సంచి. ఆమె అరుగు మీద నిలబడి నేను ఆగేదాకా చూసింది. తరువాత కారు ముందుకు కాదు, వెనక్కి నడిచింది. అద్దం మీద చూపుడువేలుతో పైనుంచి కిందికి ఒక గీత గీసింది. వేలు కింది అంచు దగ్గర మాత్రమే ఎర్రబడింది.

"కింద మిగిలింది."

"నాలుగంగుళాలు. అది పోదు. మూడు ఆదివారాలు ప్రయత్నించాను."

"ఆ నాలుగంగుళాల్ల ఏమి కనబడాలె?"

అబద్ధానికి అక్కడ చోటుంది. దానివల్ల ఇబ్బంది లేదని చెప్పవచ్చు, రాళ్ల మధ్య ఇరవై సార్లు పోయానని చెప్పవచ్చు.

"దగ్గరి దారి," అన్నాను. "బండి వెనక మూడు గజాలు. అది నాకు కనిపించదు. చదునైన చోట ఫరవాలేదు. మోరీ మీద, గట్టు మీద ఆ మూడు గజాలే కావాలి."

ఆమె వేలి మట్టిని కొంగుతో తుడుచుకుంది. "ట్రంకుపెట్టె బరువున్నది," అంది, "తలుపు ఎత్తుండ్రి." నేను తలుపు ఎత్తి బొంగు ఆనించాను; పెట్టె ఒక కొస ఆమె, ఒక కొస నేను పట్టి లోపల పెట్టాం. ఆమె ముందు సీటులో కూర్చుంది.

మూడు కిలోమీటర్లు వచ్చాక, రెండు వైపులా లోతుగా ఉన్న కట్ట మీద ఎదురుగా అటవీశాఖ జీపు వచ్చింది. కట్ట మొదట్లో వెడల్పయిన చోటుంది. నేను అక్కడిదాకా వెనక్కి పోవాలి. గేరు మీద చెయ్యి వేశాను.

"ఆగుండ్రి," అని ఆమె తలుపు తీసుకుని దిగింది. కారు వెనక్కి నడిచి, కట్ట మధ్యలో నిలబడి, కొంగు నడుముకు దోపుకుంది. అద్దంలో ఆమె నడుము నుంచి పైకి స్పష్టంగా కనిపించింది; కాళ్లూ, కాళ్ల కింది దారీ ఎర్రటి పట్టీ కింద ఉన్నాయి. బడిలో వరస నిలబెట్టేటప్పటి గొంతుతో పిలిచింది.

"రాండ్రి. రాండ్రి. జర మీ కుడికి. గట్లనే. ఇంక రాండ్రి… చాలు."

జీపు డ్రైవరు ఆమెకు చెయ్యెత్తి దాటిపోయాడు. ఆమె వచ్చి, చెప్పుల మట్టి దులుపుకుని, కూర్చుని తలుపు వేసుకుంది.

"తమ్మునికి నేనే జెప్త," అంది. "పెనుబల్లాయనను ఇంకో బండి జూసుకొమ్మని."